నూట ఎనభై ఏడు

అల్వరాదో అనే మా రేవు ఊళ్ళో మనిషికి రెండు పేర్లుంటాయి. ఒకటి చర్చిలో నెత్తిన నీళ్ళు పోసి పెట్టింది, అది కాగితాలకు. రెండోది ఊరు పెట్టింది, బతికినంతకాలం పిలిపించుకోవడానికి. ఎవరైనా పోతే చావుచీటీ మీద అసలు పేరు కింద మారుపేరు కూడా అచ్చు వేయించాలి. లేకపోతే శవపెట్టె మోయడానికి నలుగురు కూడా పోగవ్వరు, పోయింది ఎవరో తెలియాలి కదా.

ఈ రెండో పేర్లు పెట్టడంలో ఇరవై ఏళ్ళపాటు నజారియో ఉస్కాంగాని మించినవాడు మా ఊళ్ళో లేడు. రేవులో ఐసు ఫ్యాక్టరీలో అతనికి పని. రాత్రి పదింటికి ఎక్కి తెల్లవారి ఆరింటికి దిగేవాడు. ఐసు దిమ్మలు పగలగొట్టి, పొడి చేసి, వేటకు పోయే పడవల అడుగు అరల్లోకి పోయించేవాడు. ఒళ్ళంతా గడ్డకట్టినా నోరు మాత్రం చురుగ్గానే ఉండేది. మంగలి సెవెరోకి చెమటలెక్కువ, వాణ్ణి తడిపిల్లిని చేశాడు. మూడు పడవల ఆసామి ఒకడు పెళ్ళాం ఎదుట నోరెత్తడు, కదలడు, వాడు లంగరు అయ్యాడు. నజారియో పేరు పెట్టాడంటే వారం తిరక్కుండా పసిపిల్లలు కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. అతనికి మాత్రం ఎవరూ పెట్టలేకపోయారు. పెట్టబోయినవాడికి అంతకంటే ఘోరమైంది తిరిగి తగిలేది. నలభై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా ఊళ్ళో ఒంటిపేరుతో తిరిగిన మగవాడు అతనొక్కడే. అది చూసుకుని మహా మురిసిపోయేవాడు.

అతను పెట్టినవాటిల్లో నీచమైన పేరు ఒకటుంది. వలలు బాగుచేసే ఒకాయనకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లలు కలగలేదు. భార్యాభర్తలిద్దరూ ఐదేళ్ళు హలాపా పట్నం బస్సెక్కి డాక్టరమ్మ చుట్టూ తిరిగారు. లోపం ఆయనదేననీ, చేయగలిగింది ఏమీ లేదనీ తేలింది. ఆ వారమే, బార్లో చుక్కల ముక్కలతో డామినోలు ఆడుతూ నజారియో రెండు పక్కలా చుక్కలేని తెల్లముక్క ఒకటి ఎత్తి, అందరికీ అటూ ఇటూ తిప్పి చూపించి, వలలాయన ముందు పెట్టాడు. "ఇదుగో నీ ఫోటో" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన బోడిముక్క. ఆయన భార్య రెమెదియోస్ చేపల బజారుకు వెళితే బోడిముక్క పెళ్ళాం. రెండేళ్ళు ఓర్చుకుని ఆవిడ కోట్సకోల్కోస్‌లో అక్క దగ్గరకు వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. ఆయన అసలు పేరేమిటంటారా, ఊరు దాన్ని మరిచిపోయి పన్నెండేళ్ళయింది. మీరూ కాసేపు ఆగితే నష్టమేం లేదు.

నజారియో ముప్పై తొమ్మిదో ఏట డెల్ఫీనాని చేసుకున్నాడు. ఆవిడకి ముప్పై ఆరు. రేవు పక్కన బండి పెట్టుకుని మొక్కజొన్న పిండి రొట్టెలూ, చేపకూర కూరి నూనెలో వేయించిన కజ్జికాయలూ అమ్మేది. ఆవిడకొక పట్టుదల ఉండేది. ఎవరినీ మారుపేరుతో పిలవదు. తడిపిల్లి ఆవిడ బండి దగ్గర సెవెరో అయిపోయేవాడు. బోడిముక్క వస్తే చర్చిలో పెట్టిన పేరుకు ముందు దోన్ అని మర్యాద కూడా తగిలించి పిలిచేది. పక్కనే నిలబడి కాఫీ తాగే నజారియో ఆ పేరు వెయ్యిసార్లు విని ఉంటాడు. మనసు పెట్టి ఒక్కసారీ వినలేదు.

ఇద్దరికీ బిడ్డ కావాలి. డెల్ఫీనా వయసు చూస్తే ఆగే వీల్లేదు. నజారియోకి బిడ్డతో పాటు ఇంకో భయం కూడా ఉంది. ఒకడిని బోడిముక్క అన్నవాడి ఇంట్లో ఊయల కట్టకపోతే ఊరు ఊరుకుంటుందా? రెండేళ్ళు గడిచినా నెల తప్పలేదు. అప్పుడు అతను ఊరికంటే ముందు తానే నోరు తెరిచాడు. నేను దున్నడం బాగానే దున్నుతున్నాను, నేలే చవుడు అని డామినో బల్ల దగ్గర అన్నాడు. అందరూ నవ్వారు. మాట మర్నాటికి బండి దాకా వచ్చింది. డెల్ఫీనా అతన్ని ఏమీ అడగలేదు. పొట్టలు తోమే ముసలమ్మ దగ్గర వారం వారం చాప మీద పడుకుని నూనెతో కడుపు నలిపించుకుంది, వేపకంటే చేదైన కషాయాలు నెలల తరబడి తాగింది. అదంతా చూస్తూ నజారియో కాఫీ తాగుతూనే ఉన్నాడు. అతనిది పాడు బుద్ధి. కథ నాది కాబట్టి ఆ మాట ఇక్కడే అనేస్తున్నాను.

ఈలోగా అతనికే నీరసం పట్టుకుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, పక్క మీద మనసు పోదు. వెరాక్రూస్ రేవులో అంబ్రోసియో అని పినతండ్రి కొడుకొకడు కండలు పెంచే దుకాణం నడిపేవాడు. మగ హార్మోను ఇంజెక్షన్లు వేసుకుంటే ఆబోతులా అయిపోతావు, ముందు రక్తం పరీక్ష చేయించుకుని కాగితం పట్రా అన్నాడు. మందులషాపు పక్కగదిలో కూర్చునే డాక్టరు తల ఎత్తకుండా ఒక్కటే పరీక్ష రాసిచ్చాడు: టెస్టోస్టిరాన్, అంటే ఆ మగ హార్మోనే, మొత్తం ఎంతుందో.

నజారియో డ్యూటీ దిగి అటునుంచి అటే ల్యాబుకు పోయాడు. పొద్దున ఏడున్నర. ల్యాబు నడిపే బ్రిసేయిదా ఊరందరి రక్తమూ చూసిన మనిషి. ఖాళీ కడుపుతోనే వచ్చారా అనడిగింది. అవునన్నాడు. రాత్రి నిద్రపోయారా అనడిగింది. హాయిగా పోయానన్నాడు. ఆవిడ అతని కళ్ళకేసి చూసింది, కాళ్ళకున్న రబ్బరు బూట్లకేసి చూసింది. వాటినుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"నజారియో గారూ, ఈ సరుకు నిద్రలో తయారవుతుంది. అందుకే పొద్దున్నే తీస్తాం. మీరు రాత్రంతా పనిచేసి వచ్చారంటే మీ ఒంటికి ఇది పొద్దున కాదు, పొద్దుగూకడం. అంకె తక్కువ చూపిస్తుంది. సెలవు పెట్టుకుని రెండు మూడు రాత్రులు పడుకుని రండి."

"పడుకున్నానని చెప్పాను కదమ్మా."

అబద్ధానికి పెద్ద కారణమేం లేదు. ల్యాబు బెంచీకి ఎదురుగానే తడిపిల్లి క్షౌరశాల. ఇంకో పొద్దున ఆ బెంచీ మీద కనబడాలంటే నామోషీ. బ్రిసేయిదా మరి రెట్టించలేదు. సూది గుచ్చుతూ మాత్రం చెప్పింది, ఒక్క కాగితం చూసి ఏదీ తేల్చకూడదనీ, తక్కువ వస్తే ఇంకో పొద్దున మళ్ళీ చూడాలనీ, దాంతోపాటు మెదడు నుంచి కిందికి హుకుం పంపే రెండు హార్మోన్లున్నాయి, అవి కూడా చూస్తేగానీ లోపం ఎక్కడుందో తెలియదనీ. ఇవన్నీ డబ్బు గుంజే మాటలనుకుని నజారియో దూది నొక్కుకుంటూ బయటపడ్డాడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాకు రక్తపరీక్ష అంటే షుగరు పరీక్షే. తెల్లవారితే తీపి సోడా, పొద్దుపోతే తీపి సోడా, ఇంటికొకరు షుగరు మనిషి. కాగితం మీద అంకె పెద్దదైతే ఇంట్లో ఏడుపు, చిన్నదైతే వేయించిన చేప. ఇంకో రకం కాగితం మేము చూసి ఎరగం. నజారియో సాయంత్రం కవరు తీసుకుని, బార్లో డామినో బల్ల దగ్గర నలుగురి మధ్యా చింపాడు. తన అంకె నూట ఎనభై ఏడు. పక్కన సన్న అక్షరాల్లో మూడు వందల నుంచి వెయ్యి అని ఉంది. అతని మొహం విప్పారింది. కాగితాన్ని బల్ల మీద చరిచాడు.

"చూసుకోండ్రా. హద్దు మూడొందలట. నాది నూట ఎనభై ఏడు. ఇరవయ్యేళ్ళ కుర్రాడి ఒళ్ళురా ఇది. నేను చెప్పలేదూ, లోపం నా దగ్గర లేదని?"

షుగరు రెండు వందల నలభైకి తగ్గని తడిపిల్లి కాగితం కేసి కుళ్ళుగా చూశాడు. లంగరు భుజం తట్టాడు. కాగితం చేతులు మారి, మూల బల్ల దగ్గర ఒంటరిగా బీరు తాగుతున్న బోడిముక్క దాకా పోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. అలాంటి కాగితాలు ఆయన ఐదేళ్ళు చదివాడు.

"నజారియో, ఇది షుగరు కాదు. ఇందులో మూడొందలు పైకప్పు కాదు, నేల. నువ్వు నేల కింద ఉన్నావు."

ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నది ఇంత సులువుగా చేతికొస్తుందని బల్ల దగ్గర ఎవరూ అనుకోలేదు. ముందుగా తేరుకుంది తడిపిల్లి. అతను లేచి, చర్చిలో ఫాదరులా చెయ్యెత్తి, తన బీరులోంచి నాలుగు చుక్కలు నజారియో నెత్తిన చల్లాడు.

"నేటి నుంచి నీ పేరు నూట ఎనభై ఏడు."

బార్లో నవ్వు ఎంతసేపు నడిచిందో చెప్పలేను. లంగరు నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. నవ్వనిది బోడిముక్క ఒక్కడే. ఆయన కాగితం పట్టుకుని నజారియో పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఎవరో ఇంజెక్షన్ అంటారు, వేసుకోకు. కాగితం మీద టైము ఏడున్నర, అంటే నువ్వు డ్యూటీ దిగి వచ్చి రక్తం ఇచ్చావు, అందుకే ఇంత తక్కువ వచ్చి ఉంటుంది. సెలవులో పడుకుని మళ్ళీ చేయించు. మెదడు నుంచి వచ్చే హార్మోన్లు రెండూ చూపించు. నీకు పిల్లలు కావాలంటే ఆ సూది అసలు ముట్టుకోకూడదు. బయటి ఊరి నుంచి లారీల్లో ఐసు ఊరికే దిగుతుంటే మీ ఫ్యాక్టరీలో మిషను తిప్పుతారా? ఆపేస్తారు. ఒంట్లోనూ అంతే. బయటి సరుకు ఎక్కగానే లోపల మిషను ఆగిపోతుంది, దాంతోపాటు విత్తనమూ ఆగిపోతుంది."

అంత మంచిమాట నజారియోకి జన్మలో ఎవరూ చెప్పి ఉండరు. కానీ చుట్టూ నవ్వు ఇంకా ఆరలేదు. దాన్ని ఇంకొకడి మీదకు తిప్పకపోతే తను బతకలేడు. అతనికి తెలిసిన దారి ఒక్కటే.

"విన్నార్రా? పిల్లల్ని ఎలా కనాలో నాకు బోడిముక్క నేర్పుతున్నాడు."

నవ్వు నిజంగానే తిరిగింది. బోడిముక్క కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు, కాగితం బల్ల మీద సరిగ్గా పెట్టాడు, తన బీరు సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. పన్నెండేళ్ళ కిందట నజారియో ఇచ్చిన పేరు అలా పనికొచ్చింది. ఆ పేరున్న మనిషి చెప్పే మాట ఎంత నిజమైనా వినక్కర్లేదని ఊరంతటికీ రుజువైంది.

కొత్త పేరు రేవంతా పాకింది. పడవల మీద నుంచి కేకలేసేవాళ్ళు, నూట ఎనభై ఏడు కిలోల ఐసు కావాలని. చేపల వేలంలో ఆ తూకం వస్తే వేలం ఆగిపోయేది, నవ్వులు అయ్యాక మళ్ళీ మొదలయ్యేది. మర్నాడే నజారియో వెరాక్రూస్ బస్సెక్కాడు. రెండు వారాలకొక ఇంజెక్షన్, అంబ్రోసియో తన చేత్తోనే పొడిచేవాడు. డెల్ఫీనాకి ఆ అంకె ల్యాబు తప్పనీ, ఇవి నడుంనొప్పికి విటమిన్లనీ చెప్పాడు. మందు పనిచేయలేదని అనడానికి వీల్లేదు. నెల తిరిగేసరికి మొహం ఎర్రబడింది, భుజాలు ఉబ్బాయి, దిమ్మలు రెండేసి ఎత్తాడు. డెల్ఫీనా కూడా, పోనీలే మనిషి కులాసాగా ఉన్నాడు అనుకుంది. ఆ కషాయాలే తన కడుపులో ఏదో మేలు చేస్తాయని ఇంకాస్త ఆశగా తాగింది.

మూడో నెలలో ఒకసారి, ఇంజెక్షన్ వేయించుకున్న రెండో రోజే అతను మళ్ళీ ల్యాబుకు పోయాడు. ఈసారి పదకొండు వందల నలభై వచ్చింది. బ్రిసేయిదా కాగితం ఇస్తూ, ఇది మీ అంకె కాదు, మందు సీసాది అంది. సూది పడిన రెండో రోజు తీస్తే అలాగే శిఖరం మీద ఉంటుంది, పైగా మీ రక్తం చిక్కబడుతోంది, ఎవరి సలహా మీద వాడుతున్నారు అనడిగింది. అతను ఆ మాటలు ఆవిడకే వదిలేసి కాగితంతో బార్‌కు పరుగెత్తాడు. తడిపిల్లి అంకె చూసి, బాగుంది అన్నాడు. బండి గాడిదకీ అంతే వస్తుందిలే నూట ఎనభై ఏడూ, ఇక ముక్కలు కలుపు అన్నాడు. మా ఊళ్ళో ఒకసారి పెట్టిన పేరు తీయరు. ఆ పద్ధతి పెట్టింది నజారియోనే.

పదకొండు నెలలు గడిచాయి. డెల్ఫీనాకి ముప్పై తొమ్మిది వచ్చింది. నెల తప్పలేదు. అప్పటికి గానీ నజారియోకి తన మీద తనకు అనుమానం రాలేదు. ఎవరికీ చెప్పకుండా వెరాక్రూస్‌లో వీర్యపరీక్ష, దాంతోపాటు రక్తపరీక్ష చేయించుకున్నాడు. కాగితం మీద సున్నా. తక్కువ కాదు, సున్నా. మెదడు నుంచి హుకుం పంపే ఆ రెండు హార్మోన్లు కూడా కొలతకు అందనంత కిందికి పోయాయని రాసి ఉంది. ఈసారి చదవడంలో పొరపాటు పడలేదు. ఆ కాగితం తీసుకుని బ్రిసేయిదా దగ్గర కూలబడ్డాడు.

ఆవిడ మొదటి రోజు కాగితం నకలు బయటికి తీసింది. ఒక్కటే అడిగింది, ఆ రోజు నిజంగా నిద్రపోయి వచ్చారా అని. లేదన్నాడు.

"అయితే మీకసలు లోపం ఉందో లేదో ఇప్పుడు ఎవరం చెప్పలేం. ఏ లోపమూ లేని ఒంటినే మీరు పాడుచేసుకుని ఉండొచ్చు. మందు మానేస్తే మిషను మళ్ళీ తిరగొచ్చు. ఆరు నెలలకో, ఏడాదికో, కొందరికి అంతకంటే ఎక్కువకో. తిరగకపోనూ వచ్చు. మీ ఆవిడకి అంత వ్యవధి ఉందా?"

అలా ఊరికే చూస్తూ కూర్చోకుండా, ఆగిన మిషన్ను మందులతో లేపే డాక్టరమ్మ ఒకావిడ హలాపాలో ఉందని బ్రిసేయిదా చెప్పింది. మామూలుగా పోతే ఎనిమిది నెలల తర్వాతి తేదీ ఇస్తారు. పాత రోగి ఎవరైనా మాట సాయం చేస్తే ఆ వారమే చూస్తుంది. ఈ ఊరి నుంచి ఆవిడ దగ్గరకు ఐదేళ్ళు తిరిగిన మనిషి ఒకడే ఉన్నాడు, అతనెవరో మీకు నేను చెప్పక్కర్లేదు అంది.

నజారియో మధ్యాహ్నం ఎండలో వలలాయన ఇంటికి పోయాడు. తలుపు కొట్టాడు. లోపల వల అల్లే బద్ద చప్పుడు ఆగింది.

"ఎవరది?"

"నేనే. నజారియోని."

"ఏ నజారియో?"

ఊళ్ళో ఇంకో నజారియో లేడు. అతను గొంతు తగ్గించి, నూట ఎనభై ఏడు అన్నాడు.

"ఎవరికోసం వచ్చావు?"

నజారియో నోరు తెరిచాడు. నాలుక మీద ఉన్న పేరు ఒక్కటే, దాన్ని ఈ తలుపు ముందు అనడానికి లేదు. రెండోది వెతికాడు. చర్చి పేర్లన్నీ తలుచుకున్నాడు. పన్నెండేళ్ళు ఒకే బార్లో కూర్చున్న మనిషి పేరు అతనికి తెలియదు. "అయ్యా, తలుపు తియ్యి, పెద్ద కష్టమొచ్చింది" అన్నాడు.

"నేను అడిగింది అది కాదు. ఎవరి కోసం వచ్చావో ఆ మనిషి పేరు చెప్పు. చెబితే తలుపు తీస్తాను, డాక్టరమ్మకు ఫోనూ చేస్తాను. నువ్వు ఇందాక మింగావే, ఆ పేరుగలవాడు ఈ ఇంట్లో లేడు."

బద్ద చప్పుడు మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ మాట తను ఎత్తకుండానే ఆయన ఎత్తాడని, అంటే వస్తాడని ఎదురుచూస్తూనే ఉన్నాడని నజారియోకి అప్పుడు అర్థమైంది. పక్కింటివాళ్ళనో తడిపిల్లినో అడిగి లాభం లేదు, వాళ్ళకీ తెలియదు. హలాపాలోనే రక్తమిచ్చుకున్న మనిషి, బ్రిసేయిదా పుస్తకంలోనూ ఉండడు. ఆ పేరు తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆవిణ్ణి అడిగితే ఎందుకని అడుగుతుంది.

డెల్ఫీనా బండి దగ్గర పిండి పిసుకుతోంది. పక్కన గిన్నెలో ఆ పూట కషాయం చల్లారుతోంది. నజారియో నిలబడే అంతా చెప్పాడు. నిద్రపోయానన్న అబద్ధం, విటమిన్లు కాని విటమిన్లు, పదకొండు నెలలు, సున్నా. చవుడు నేల మాట తనే అన్నానని కూడా చెప్పాడు. అది ఆవిడకు కొత్త కాదు. ఆవిడ పిసకడం ఆపలేదు. అతను చెప్పడం అయ్యాక కషాయం గిన్నె ఎత్తి, కాలవలో పారబోసి, గిన్నె కడిగి బోర్లించింది.

"హెర్మీలో. దోన్ హెర్మీలో తిబుర్సియో" అంది. "మూడు దాటితే వల తీసుకుని రేవుకు పోతాడు. తొందరగా వెళ్ళు, నూట ఎనభై ఏడూ."

డెల్ఫీనా ఒక మనిషిని మారుపేరుతో పిలవడం అదే మొదటిసారి. బండి దగ్గర రొట్టె తింటున్న ఇద్దరు పడవవాళ్ళు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నారు. నజారియో ఆ పేరు మరిచిపోకుండా నోట్లోనే అనుకుంటూ ఎండలో వలలాయన ఇంటికేసి నడిచాడు.